సర్జ్ డబ్బాకు పెట్టిన బొట్టు

మా తాతగారి మిద్దె మీద ఒక రాగి కడ్డీ ఉండేది. మనిషి నిలువుకంటే కాస్త పొడుగు. కొన మూడు ముళ్ళుగా చీలి ఉండేది. పుంగనూరు నుంచి సదుం పోయే దారిలో చాలా దూరం నుంచే అది ఎండకు మెరిసేదని చెబుతారు. పిడుగును భూమిలోకి దింపడానికి దాన్ని పెట్టించారన్న సంగతి మా ఇంట్లో ఎవరికీ పెద్దగా పట్టలేదు. తాతగారి దృష్టిలో అది జెండా. చుట్టుపక్కల మరే మిద్దె మీదా అటువంటిది లేదు, అంతే. ఒక వానాకాలం నిజంగానే దాని మీద పిడుగు పడింది. మిద్దెకు ఏమీ కాలేదు గానీ హాల్లో ఉన్న పెద్ద రేడియో పొగ కక్కి చచ్చింది. తాతగారు విచారించలేదట. మరునాడు అరుగు మీద కూర్చుని, వచ్చినవాళ్ళందరితోనూ, "సూసినారా, పిడుగు గూడా ఎదుక్కోని ఎదుక్కోని మన ఇంటికే వచ్చినాది" అన్నారట.

ఆ మిద్దె ఇప్పుడు లేదు. దాని వెనక ఉన్న మామిడి తోట, కింద ఉన్న మడి, దొడ్లో ఉన్న ఆవులు, ఏవీ లేవు. అవి ఎలా పోయాయన్నది వేరే కథ. దాన్ని చెప్పుకుని జాలి సంపాదించుకోవడం మా ఇంట్లో లేదు. నేను ఐటీఐలో చేరాను, ఎలక్ట్రీషియన్ పని నేర్చుకున్నాను, ఇరవై ఏళ్ళకు పైగా ఆ పనితోనే బతుకుతున్నాను. ఒకరి ముందు వంగి నిలబడలేదు. కరెంటును భూమిలోకి దింపే ఎర్తు గుంత తవ్వించే రోజు కూడా ఇస్త్రీ చొక్కాతోనే పోతాను.

రేడియో ఎందుకు కాలిందో నాకు ఐటీఐలో తెలిసింది. తాతగారు పిడుగుకు ఒక గుంత, రేడియోకు ఒక గుంత తవ్వించారు. పిడుగు దిగే మట్టిలో తన రేడియో తీగ ఉండకూడదని పట్టుబట్టారట. పిడుగు పడినప్పుడు ఒక గుంతలోని మట్టి వోల్టేజి ఒక్కసారిగా పైకి ఎగురుతుంది, రెండో గుంతది ఉన్నచోటే ఉంటుంది. ఆ రెంటి మధ్యా చిక్కుకున్నది కాలుతుంది. రెండు గుంతలనూ ఒక మంచి రాగి పట్టీతో కలిపేసి ఉంటే ఆ రేడియో ఇంకా కొన్నాళ్ళు పాడేది.

అందుకేనేమో, నేను అన్ని రకాల కరెంటు పనులూ చేస్తూ చేస్తూ చివరికి ఈ ఒక్క పనిలో స్థిరపడ్డాను. కట్టడాల్లోని మిషన్లను పిడుగు నుంచీ, తీగల్లో ఎగదన్నుకొచ్చే కరెంటు నుంచీ కాపాడడం. మదనపల్లెలో పట్టు మగ్గాల మీద కూర్చున్న కంప్యూటర్ పెట్టెలు, టమోటా మండీల్లో ఎలక్ట్రానిక్ కాటాలు, కుప్పంలో స్కానింగు గదులు, పుంగనూరులో బడి కంప్యూటర్లు. మా వైపు గుట్టలు ఎక్కువ, నేల ఎండు నేల, కరెంటు తీగలు బోరుబావుల కోసం చేల మీద మైళ్ళ దూరం పోతాయి. ఇటువంటి చోట ఈ పనికి కొదవ లేదు.

ఈ పనిలో పుస్తకాల్లో లేని చిక్కులు వస్తాయి. ఎర్తు గుంతలో బొగ్గూ ఉప్పూ పొరలు పొరలుగా వేస్తాం, మట్టి తేమగా ఉండడానికి. కురబలకోట దగ్గర ఒక కోళ్ళఫారంలో అలాగే వేసి వచ్చాను. వారం తర్వాత పోతే గుంత చుట్టూ యాభై గొర్రెలు. ఉప్పు కోసం మట్టిని నాకి నాకి రాగి పట్టీ బయటపెట్టాయి. కాపరి నన్ను చూసి సంతోషంగా, "శానా మంచి పని జేసినావప్పా. మా గొర్రెలకి ఉప్పు పెట్టేదానికి నేను మదనపల్లె పోవాల్సి వస్తాండె" అన్నాడు. అప్పటి నుంచి నేను తవ్వించే ప్రతి గుంత మీదా రాతి బండ ఉంటుంది.

పాల కేంద్రం వాళ్ళ ఫోను రెండేళ్ళ కిందట ఒక వేసవి పొద్దున వచ్చింది.

"అన్నా, నేను పాల సెంటరు పెట్టుకోనుండాను. మిషన్లు కాలిపోతాండాయి. మీరొకతూరి వచ్చి సూస్తారా?"

"ఏ ఊరమ్మా?"

ఆమె ఊరి పేరు చెప్పింది. సదుం దారిలో, మా మిద్దె ఉన్న చోటుకు రెండు మైళ్ళు. ఆమే అంది, "మా నాయన మీ దొడ్లో ఆవులు మేపినాడన్నా. మీరు సిన్నప్పుడు ఆయన భుజమ్మీద కూసోని చెరువుకి పోతాంటిరంట."

ఆయన భుజం నాకు గుర్తుంది. ఆయన ఇల్లు మాత్రం ఎక్కడుందో నాకు తెలియదు. మా ఇంటివాళ్ళు ఆ వీధికి మనిషిని పంపేవాళ్ళే గానీ పోయేవాళ్ళు కాదు.

మరునాడు పోయాను. ఊరి చివర మెట్ట మీద ఒంటరిగా ఒక గది. సిమెంటు కప్పు, ముందు రేకుల వసారా. ఆమెకు ముప్పై అయిదేళ్ళు ఉంటాయి. పొందికైన మనిషి, మాట తక్కువ. వాళ్ళ నాన్న వసారాలో రాతి మీద కూర్చుని ఉన్నాడు. ఎముకలు ముందుకొచ్చాయి గానీ కళ్ళు అవే. నన్ను చూసి లేవబోయాడు. నేను ఆయన భుజం పట్టి కూర్చోబెట్టాను.

"సామీ! మీ తాత నడకే నడస్తాండావు" అన్నాడు.

పాల మిషను చిన్నదే. గ్లాసెడు పాలు పీల్చుకుని, వెన్న ఎంత ఉందో తెరమీద అంకెల్లో చూపించి, పక్కనున్న ప్రింటరులో చీటీ కొడుతుంది. ఆ అంకెను బట్టే ఊళ్ళో ఆడవాళ్ళకు రేటు. ఆ ఎండాకాలంలోనే రెండు మిషన్లు పోయాయి. రెండూ గాలివాన రోజుల్లోనే. డెయిరీ సూపర్వైజరు వచ్చి, మూడోది గానీ కాలితే ఈ ఊరికి ఇంక మిషను ఇవ్వమనీ, కేంద్రాన్ని ఊరి పక్క వాగు, మా మాటలో వంక, దాటి అవతలి ఊరికి మార్చేస్తామనీ చెప్పి పోయాడట.

ఆమె ఏడవలేదు. గది గోడను చేత్తో తడుముతూ చెప్పింది. "పదేండ్లు కుట్టుమిషన్ కంపినీకి పోయినానన్నా. పొద్దున నాలుగున్నరకి లేసి అయిదు గంటల బస్సు. బిడ్డలు లేసేటప్పుడు నేను ఈడ లేను, పండుకునేటప్పుడూ లేను. ఈ సెంటరొచ్చినాక ఇంట్లో ఉండాను. ఇది పాయనంటే మళ్ళా ఆ బస్సే."

నేను తీగలు చూశాను. కరెంటు చాలా దూరం నుంచి, చేల మీదుగా, ఆకాశానికి ఎదురుగా వస్తోంది. మెట్ట మీద ఆ గది కంటే ఎత్తయింది ఏదీ లేదు. ఎర్తు పేరుకు ఒక ఇనుప చువ్వ, అదీ తుప్పు పట్టింది. మిషన్లు రెండే కాలాయంటే ఆశ్చర్యపడాలి.

పని మూడు రోజులు పట్టింది. కప్పు మీద కడ్డీ, గోడ వెంట రాగి పట్టీ, రెండు చోట్ల ఎర్తు గుంతలు, వాటిని కలుపుతూ భూమిలో ఇంకో పట్టీ. ముసలాయన మూడు రోజులూ రాతి మీద నుంచి కదలకుండా అజమాయిషీ చేశాడు. రెండు గుంతలనూ కలిపే పట్టీ పాతుతుంటే ఇంక ఊరుకోలేకపోయాడు.

"పిడుగునీ పాల మిషన్నీ ఒకటిగా కట్టేది యాడన్నా ఉండాదా సామీ? పామునీ కోడిపిల్లనీ ఒగే బుట్టలో పెట్టినట్ల ఉండాదే!"

"నువ్వు బండి తోలినావు గదా తాతా. కాడికి రెండెద్దులు కట్టినావు. ఒగ ఎద్దు ఎగిరి గంతేసి రెండోది నిలబడిపోతే ఏమయితాది?"

"కాడన్నా ఇరగల్ల, మెడన్నా ఇరగల్ల."

"రెండూ ఒగేతూరి ఎగిరి ఒగేతూరి దిగితే?"

ఆయన రెండు చేతులూ కలిపి కాడిలా పైకెత్తి దించాడు. తర్వాత తల ఊపాడు. సాయంత్రం పాలు తెచ్చిన ఆడవాళ్ళకు నేను చెప్పనక్కర లేకపోయింది. ఆయనే చేతులు తిప్పుతూ, "పిడుగు పడినాదనుకో, ఈడ భూమి, ఆడ భూమి, మిషను, అన్నీ ఒగ కాడికింద ఎద్దులమాదిరి ఒగేతూరి పైకి లేస్తాయి, ఒగేతూరి దిగుతాయి. మెడ ఇరిగేదానికి సందే లేదు" అని బోధించాడు. నాకు పాఠం చెప్పినవాళ్ళెవరూ ఇంత శుభ్రంగా చెప్పలేదు.

చివరి పని కరెంటు బోర్డు పక్కన సర్జ్ డబ్బా బిగించడం. తీగల్లో కరెంటు ఎగదన్నుకొస్తే అది అడ్డం నిలబడి భూమిలోకి మళ్ళిస్తుంది. లోపల పీకి మార్చుకునే కార్ట్రిడ్జి ఒకటి ఉంటుంది, మా వైపు దాన్ని బిళ్ళ అంటారు. బిళ్ళ ముఖాన గోరంత కిటికీ. బిళ్ళ బతికున్నన్నాళ్ళూ ఆ కిటికీ పచ్చగా ఉంటుంది. దెబ్బలు కాసీ కాసీ అది చచ్చిపోయినప్పుడు ఎర్రగా మారుతుంది. ఇదంతా పాలు తెచ్చినవాళ్ళ అందరి ముందూ చెప్పాను. "పచ్చగా ఉన్నంతవరకు దీని జోలికి పోవద్దండి. ముట్టుకోవద్దండి. ఎర్రగయితే మాత్రం ఆ నిముసమే నాకు ఫోన్ చెయ్యండి" అన్నాను. అక్కడితో ఆగి ఉండాల్సింది. ఆగకుండా, "మూడో మిషను కాలదు. కాలితే నేను ఈ పనికే చెయ్యి పెట్టను" అన్నాను.

వరసలో అందరికంటే ముందు ఒక పెద్దమ్మ ఉంది. స్టీలు క్యాను చంకలో పెట్టుకుని నన్ను కింది నుంచి పైదాకా చూసింది. "నువ్వు చెయ్యి పెట్టకపోతే మాకేమొచ్చెనప్పా? మిషను కాలకుండా సూడు, సాలు" అంది. అందరూ నవ్వారు. నేను నవ్వలేదు గానీ ఆమె మాటలో తప్పేమీ కనబడలేదు.

మూడు వారాల తర్వాత ఒక శుక్రవారం కుప్పంలో స్కానింగు గదిలో పని చేస్తున్నాను. పది గంటలకు ఫోను.

"అన్నా, ఎర్రగయిపోయినాది!"

"మిషనా?"

"డబ్బా అన్నా. కిటికీ. రత్తం మాదిరి ఎర్రగుండాది. రాత్రి వాన గూడా లేదే. ఏమన్నా అవుతాదేమో అని మిషను ఆపేసినాను."

చేతిలో పని ఆపి, డాక్టరుకు సర్దిచెప్పి బస్టాండుకు పోయాను. కుప్పం నుంచి పలమనేరు ఒక బస్సు, పలమనేరు నుంచి పుంగనూరు ఒక బస్సు, అక్కడి నుంచి సదుం బస్సు. దారి పొడుగునా లెక్కలు వేశాను. వానే లేనప్పుడు బిళ్ళ ఎలా చస్తుంది? న్యూట్రల్ తీగ తెగిపోయి వోల్టేజి ఎగదన్నిందా? నేను బిగించడంలో తప్పు చేశానా? మూడో బస్సులో కిటికీ పక్కన కూర్చుని, ఆడవాళ్ళందరి ముందూ అన్న మాట నెమరు వేసుకున్నాను. ఇంకొక్కసారి ఆ మాట చెప్పే అవకాశం వస్తే నోరు మూసుకుంటానని అనుకున్నాను.

నేను పోయేసరికి రెండు దాటింది. గది ముందు సగం ఊరు చేరింది. ఆమె ముఖం పాలిపోయి ఉంది. బోర్డు తలుపు తెరిచాను. నిజమే. కిటికీ ఎర్రగా ఉంది. అయితే కిటికీ చుట్టూ పసుపు కూడా ఉంది.

జేబు రుమాలు తడిపి ఒక్కసారి తుడిచాను. ఎర్రదనం రుమాలుకు వచ్చేసింది. లోపల కిటికీ లేత గడ్డిలా పచ్చగా ఉంది.

అందరి చూపులూ రాతి మీద ఉన్న ముసలాయన మీదికి పోయాయి.

"సుక్రవారం గదా సామీ. పిడుగు నుంచి మిషన్ను కాపాడే సామికి బొట్టు పెట్టకుంటే ఎట్ల? సూస్తే అది కన్ను మాదిరి మెరస్తాండె. దాని మిందనే పెట్టినా."

"నాయనా!" అంది ఆమె.

"నువ్వన్నా తుడిసి సూడకూడదా అమ్మా?" అన్నాను నేను.

"మీరే గదన్నా ముట్టుకోవద్దనింది!"

పెద్దమ్మ అప్పటికే వసారా స్తంభం పట్టుకుని నవ్వుతోంది. "కుప్పం నుంచి వచ్చినాడమ్మా, మూడు బస్సులెక్కి వచ్చినాడు, కుంకుమ తుడిసేదానికి!" ఆ నవ్వు ఒకరి నుంచి ఒకరికి అంటుకుంది. ముసలాయన నోరు చేత్తో మూసుకున్నాడు. రుమాలు చూశాను. తెల్లటి రుమాలు, నడుమ కుంకుమ. నాకు కూడా నవ్వు వచ్చింది. ఎంత పట్టినా ఆగలేదు. అంత గట్టిగా నేను నవ్వి చాలా ఏళ్ళయింది.

ఆ రోజు ఆమె నన్ను వాళ్ళ ఇంటికి తీసుకుపోయింది, అన్నం తినకుండా పోనివ్వలేదు. రాగి సంగటి, చెనక్కాయలు నూరిన ఊరిబిండి, ముద్ద మీద నెయ్యి. ఆ వీధిలో మా ఇంటివాళ్ళలో మొదట అన్నం తిన్నవాణ్ణి నేనే అయి ఉంటాను. రెండో ముద్ద అడిగి పెట్టించుకున్నాను. తినేటప్పుడే ఒప్పందం చేసుకున్నాం: బొట్టు పెట్టాల్సిందే, కాదనను, అయితే బోర్డు తలుపు మీద, బయటివైపు. ముసలాయన తలుపు మీద ఎక్కడ పెట్టాలో నా చేత పెన్సిలుతో సున్నా చుట్టించుకున్నాడు.

ఆ ఏడు వానలు బాగానే పడ్డాయి. మెట్ట చుట్టూ ఎన్నోసార్లు ఉరిమింది. మిషను నడుస్తూనే ఉంది. మదనపల్లె పోతూ వస్తూ పనిలేకపోయినా ఆ దారిన పోయి, బోర్డు తెరిచి పచ్చ కిటికీ చూసి, కాఫీ తాగి వచ్చేవాణ్ణి. కాఫీ కోసమేనని పెద్దమ్మ అనేది.

తర్వాత ఆయుధపూజ వచ్చింది.

ఆయుధపూజ నాడు మా వైపు దేన్నీ వదలరు. బస్సులు, మగ్గాలు, కొడవళ్ళు, బోరు స్టార్టర్లు, అన్నిటికీ పసుపూ కుంకుమా. పాల కేంద్రంలో క్యాన్లకూ, కాటాకూ, ప్రింటరుకూ, మిషనుకూ పెట్టారు. ముసలాయన తలుపు మీది సున్నాలో శ్రద్ధగా పెట్టాడు. అయితే ఆరోజు మనవడూ మనవరాలూ పొరుగు పిల్లలూ అందరూ తలా ఒక చెయ్యి వేశారు. ఎవరో తలుపు తెరిచి లోపల కూడా పెట్టారు. కిటికీ మళ్ళీ ఎర్రగా అయింది. ఈసారి ఆమె చూసి నవ్వుకుంది. పండగ బొట్టు వెంటనే తుడవకూడదు కాబట్టి అలాగే ఉంచింది. నాకు ఫోను చెయ్యలేదు. ఎందుకు చేస్తుంది?

పండగ దాటిన మర్నాడు సాయంత్రం గుట్ట అవతల ఎక్కడో గట్టిగా పిడుగు పడిందట. బల్బు ఒకసారి గుడ్డిగా అయి మళ్ళీ వెలిగింది. మిషను ఆగలేదు, ఎవరూ పట్టించుకోలేదు. ఆ క్షణాన డబ్బా తన పని తాను చేసి చచ్చిపోయిందని ఎవరికీ తెలియదు. దాని చావును చూపించే కిటికీ మీద కుంకుమ ఉంది. అయిదు రోజులు ఆ మిషను ఏ అడ్డూ లేకుండా నడిచింది.

ఆరో రోజు నాలుగున్నరకు నేను పుంగనూరు బస్టాండు దగ్గర టీ తాగుతున్నాను.

"అన్నా, కుంకుమ తుడిసినాను. ఎరుపు పోలేదు."

"తడిగుడ్డతో తుడువమ్మా. పసుపు అంటుకోని ఉంటాది."

"తుడిసినానన్నా. గోరుతో గూడా గీకినాను. ఎరుపు అద్దానికి లోపలుండాది."

గ్లాసు కింద పెట్టాను. సదుం వైపు చూశాను. గుట్టల మీద మబ్బు నల్లగా, నిండు కుండలా ఉంది.

"ముందు మిషను ప్లగ్గు పీకెయ్యి. స్విచ్చి ఆపితే సాలదు. పీకెయ్యల్ల."

"పాలు పట్టే పొద్దన్నా ఇది. అందరూ వస్తాండారు. ఆరు గంటలకి వ్యాను."

"పీకేసి నాకోసరం సూడు. వస్తాండాను."

ఆ రోజు పొద్దున మదనపల్లెలో ఒక మగ్గాల ఇంటికని కొన్న బిళ్ళ ఒకటి నా సంచిలో ఉంది. ఆ మగ్గాలాయన రేపటిదాకా ఆగుతాడని అనుకున్నాను. బండి తీశాను. దారిలో సగం దూరం పోయేసరికి ఎదురుగాలి మొదలైంది. దుమ్ము కళ్ళలో పడుతోంది. వేరుశనగ చేలల్లో ఆడవాళ్ళు కుప్పల మీద పట్టలు కప్పుతున్నారు. ఎడమ పక్క గుట్ట మీద మెరుపు పడితే మనసులో ఒకటీ రెండూ అని లెక్కపెట్టాను. ఎనిమిది దగ్గర ఉరిమింది. తర్వాతి మెరుపుకు ఆరు.

గది ముందు వరస వంక దారి దాకా ఉంది. క్యాన్లు, చెంబులు, బిందెలు. వ్యాను అప్పటికే వచ్చేసింది. వాన పడకముందే వంక దాటాలని డ్రైవరు తొందరపడి ముందే వచ్చాడు. ఇంజను ఆపకుండా, "పాలు పట్టలేదంటే నేనేం జేసేదమ్మా? వంక పారితే నేను ఆ పక్కన, పాలు ఈ పక్కన. నేను పోతాండాను. సూపర్వైజరుకి మీరే సెప్పుకోండి" అంటున్నాడు. ఆమె వ్యాను తలుపు పట్టుకుని నిలబడింది. ఒక్క పూట పాలు వెనక్కి పోయాయంటే సూపర్వైజరు ఏమంటాడో ఆమెకు తెలుసు. కేంద్రం పోవడానికి మూడో మిషను కాలనక్కరే లేదు.

పెద్దమ్మ వరసలో నుంచి బయటికి వచ్చింది. తన క్యాను తీసుకుపోయి వ్యాను ముందు చక్రానికి ఆనించి పెట్టింది. దాని పక్కన తానూ కూర్చుంది.

"ఇంగ పో నాయనా. యాడికి పోతావో సూస్తాను."

"ఏయ్ అవ్వా, లెయ్యి!"

"అయిదు లీటర్ల పాలు. తొక్కించు. మీ కంపినీవోళ్ళు అడిగితే, ఎనుము పాలతో టైరు కడుక్కున్నానని సెప్పు."

డ్రైవరు నవ్వాపుకోలేక ఇంజను ఆపాడు. "పది నిముసాలు. అంతే."

నేను లోపలికి పోయాను. మెయిన్ ఆపాను. చచ్చిన బిళ్ళను పీకితే తేలిగ్గా వచ్చేసింది. పక్కన కాస్త కమిలిన వాసన. కొత్తది నొక్కితే టక్కుమని కూర్చుంది. ఎర్తు తీగలు ఒక్కొక్కటీ లాగి చూశాను, బిగువుగా ఉన్నాయి. మెయిన్ వేశాను. కిటికీ పచ్చగా ఉంది. ఆమె మిషను ప్లగ్గు చేత్తో పట్టుకుని నిలబడి ఉంది.

"ఇప్పుడు పెట్టమ్మా ప్లగ్గు."

ఆమె నా ముఖం చూసింది. "పెట్టచ్చునా?"

బయట మెరుపుకూ ఉరుముకూ మధ్య రెండు కూడా లేదు. ఇంకో అరగంట ఆగమని చెప్పడం నాకు సులభం. ఆగితే వ్యాను పోతుంది. నేను తవ్వించిన గుంతలు అక్కడున్నాయి, కలిపిన పట్టీ ఉంది, కొత్త బిళ్ళ ఉంది. అవి ఉన్నది ఇటువంటి సాయంత్రం కోసమే.

"పెట్టు" అన్నాను.

మిషను గుర్రుమని వేడెక్కడం మొదలుపెట్టింది. పెద్దమ్మ చక్రం దగ్గరి నుంచి క్యానుతో లేచి వచ్చింది, తానే మొదలని. ఆమె పాలు గ్లాసులో పోసి మిషను కింద పెట్టారు. గొట్టం పాలు పీలుస్తోంది.

అప్పుడు పడింది. మెరుపూ శబ్దమూ విడివిడిగా రాలేదు. గది అంతా తెల్లగా అయింది, చెవులు మూసుకుపోయాయి. కాళ్ళ కింద నేల తట్టినట్టయింది. ఎవరో కేక పెట్టారు. బల్బు ఆరిపోయింది. మిషను తెర నల్లగా ఉంది.

ఆమె రెండు చేతులూ బల్ల మీద పెట్టి ఆ నల్లటి తెరనే చూస్తోంది. నేనూ చూస్తున్నాను. ముసలాయన తలుపు దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. వాన రేకుల మీద ఒక్కసారిగా కుమ్మరించింది.

బల్బు వెలిగింది. ఆ తర్వాత, ఎంతసేపటికో చెప్పలేను, మిషను గొంతు సవరించుకున్నట్టు ఒకసారి గుర్రుమంది. తెర మీద గీతలు వచ్చాయి, పోయాయి. గొట్టం మళ్ళీ పాలు పీల్చింది. అంకె వచ్చింది. ప్రింటరు కిర్రుకిర్రుమంటూ చీటీ బయటికి తోసింది.

పెద్దమ్మ చీటీ లాక్కుని దీపం కిందికి పోయి చదివింది.

"ఆరా? నిన్న ఆరున్నర వచ్చినాది! పిడుగు దెబ్బకి మిషను మతి పోయినాది!"

"మిషనుకేం కాలేదు పెద్దమ్మా. మళ్ళా పట్టేదా?" అంది ఆమె. ఆమె నవ్వుతోంది.

"పట్టు!"

మళ్ళీ పట్టారు. మళ్ళీ ఆరే వచ్చింది.

"ఎనుముకి నీళ్ళు జాస్తి తాపినట్లుండావే అవ్వా" అని డ్రైవరు వాకిట్లో నుంచి అరిచాడు. "తాపింది ఎనుముకేనా?"

"నీ నోట్లో పురుగు పడ! వానలో నిలబడి ఎనుముని అంటావా?"

ఆ నవ్వులో వరస కదిలింది. రెండో క్యాను, మూడో క్యాను. మిషను పీలుస్తోంది, అంకెలు చూపిస్తోంది, చీటీలు కొడుతోంది. ప్రతి చీటీనీ ఆమె చించి ఇస్తూ ఎవరి అంకె వాళ్ళకు పైకి చదువుతోంది. ఆమె అంత గట్టిగా మాట్లాడడం నేను అంతకు ముందు వినలేదు. నేను బోర్డు పక్కన నిలబడి చూస్తుంటే డ్రైవరు నా చొక్కా పట్టి లాగాడు.

"చేతులు కట్టుకోని యాల నిలబడినావప్పా? వంక పారతాది. క్యాన్లు ఎత్తు!"

నేను క్యాను ఒక చెవి పట్టుకున్నాను, ఆమె రెండో చెవి పట్టుకుంది. పెద్ద క్యాను నిండుగా, వెచ్చగా, బరువుగా ఉంది. వానలో తడుస్తూ వ్యాను దాకా మోసి పైకి తోశాం. తిరిగి వచ్చి ఇంకొకటి. ముసలాయన వసారాలో నుంచి, "కాలు జాగర్త సామీ, బురద!" అని అరుస్తున్నాడు. నాలుగో క్యానుకు నా చొక్కా ఒంటికి అంటుకుపోయింది. అయిదోదానికి ఆమె, "నువ్వు సాలించన్నా, నేను మోస్తాను" అంది. "పట్టమ్మా" అన్నాను. ఆఖరి క్యాను ఎక్కాక డ్రైవరు తలుపు దబ్బున వేసి హారను కొట్టుకుంటూ వంకలోకి దిగాడు. నీళ్ళు ఇంకా చక్రం సగానికే ఉన్నాయి. ఎర్ర దీపాలు అవతలి గట్టెక్కేదాకా మేమందరం వానలోనే నిలబడి చూశాం.